లూప్సా, మైక్రోస్కోపా? శ్రీకాకుళంలో ఒక ప్రాక్టీసు బెంచి డైరీ

నోరు, దవడ, మెడ కాన్సర్ ఆపరేషన్లో తీసేసిన భాగాన్ని పూడ్చాలంటే, ముంజేతి నుంచి చర్మమో కాలి నుంచి ఎముకో దాని రక్తనాళాలతో సహా తెచ్చి, ఆ నాళాల్ని మెడలోని నాళాలకి కలిపి కుట్టాలి. అదే ఫ్రీ ఫ్లాప్. కుట్టే నాళాలు చాలావరకు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటాయి. ఆ కుట్టు కళ్ళకి లూప్స్ (కళ్ళజోడుకి బిగించిన భూతద్దాలు) తగిలించుకుని వేయాలా, మైక్రోస్కోపు కింద వేయాలా అని అడిగితే ఎవరి గురువుగారు వాడిందే వాళ్ళ జవాబు. 1995లో అమెరికా నుంచి 251 ఫ్రీ ఫ్లాపులు లూప్స్‌తోనే వేసిన పేపరు వచ్చింది. ఫలితాలు బాగున్నాయి. అయినా వాదన తెగలేదు. అందుకే ఈ బెంచి మీద వాదన పక్కన పెట్టి స్కేలు పట్టుకున్నాం.

మా వైపు ఈ పనికి కొదవ లేదు. తీరం పల్లెల్లో అడ్డపొగ ఇంకా పూర్తిగా పోలేదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు అది, ఎక్కువగా ఆడవాళ్ళకి. కాలేది అంగిలి, కాన్సర్ వచ్చేదీ అక్కడే. చిన్న కంత అయితే పళ్ళ డాక్టరు చేసే ప్లేటు సరిపోతుంది. పెద్దదైతే ఫ్లాప్ వేయాలి, దానికి విశాఖ వెళ్ళాలి, అంటే సుమారు 100 కిలోమీటర్లు. కుట్టే చేతులు ఇక్కడే తయారవ్వాలన్నది బెంచి ఉద్దేశం. ఇదంతా కోడి మాంసం మీదే. రోగి దగ్గరికి వెళ్ళేటప్పుడు పక్కన అనుభవం ఉన్న సర్జన్ ఉండి తీరాలి.

దశ 1: స్టోరు గదిలో చెవి మైక్రోస్కోపు

పాత ఈఎన్‌టీ మైక్రోస్కోపు ఒకటి స్టోరులో పాలిథీన్ కవరు కప్పుకుని ఉంది. చెవి డాక్టర్ల దగ్గర అడుక్కోవడంలో తప్పేం లేదు. ఆపరేషన్‌కి మైక్రోస్కోపు మొదట వాడింది వాళ్ళే, 1921లో స్టాక్‌హోమ్‌లో కార్ల్ నైలెన్. సన్న రక్తనాళాలు కుట్టడానికి జాకబ్‌సన్, స్వారెజ్ దాన్ని వాడింది 1960లో.

మా బయోమెడికల్ టెక్నీషియన్ టార్చి వేసి చూసి తేల్చేశాడు: "బాబూ, అద్దానికి బూజు పట్టీసినాది. పైపైన అయితే పోతాది. లోన పట్టిందయితే ఒగ్గేయండి."

రెండు చోట్లా పట్టింది. సముద్రం గాలి, దానికి తోడు పాలిథీన్ కవరు. లోపలి తేమ బయటికి పోయే దారి లేదు. చేసినవి:

1. ఆబ్జెక్టివ్ లెన్సు (కింద, చూసే వస్తువు వైపు ఉండేది) విప్పి, గాలి బల్బుతో దుమ్ము ఊది, ఆ తర్వాతే ద్రవం తగిలించాం. దుమ్ము ఉండగా తుడిస్తే గీతలు పడతాయి.
2. ఈథర్, ఆల్కహాల్ కలిపిన ద్రవంలో లెన్సు పేపరు తడిపి, మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడిచాం. పంచె గుడ్డ, కట్టు కట్టే గాజుగుడ్డ వద్దు.
3. ఐపీస్‌లకీ (కన్ను ఆనించే లెన్సులు) అంతే.
4. రెండు కళ్ళ ట్యూబు లోపలి పట్టకం జోలికి పోలేదు. అది విప్పితే రెండు కళ్ళ బొమ్మలు మళ్ళీ ఒకటిగా కలపడం వర్క్‌షాపు పని. లోపలి బూజు ఓ మూల సాలెగూడులా ఉంది, మధ్యలో లేదు కాబట్టి అలాగే వాడుతున్నాం.
5. పాలిథీన్ తీసేసి నూలు గుడ్డ కవరు కుట్టించాం. మైక్రోస్కోపు తలకాయ విప్పి పెట్టే అలమరలో చిన్న బల్బు, నీలం సిలికా జెల్ పొట్లాలు పెట్టాం. జెల్ గులాబీ రంగుకి తిరిగితే పెనం మీద వేయించి మళ్ళీ వాడుకోవచ్చు.

ఆబ్జెక్టివ్ మీద బూజు పోయినా దాని మచ్చ మిగిలింది. బూజు లెన్సు మీది పూతని తినేస్తుంది, ఆ మచ్చ తుడుపుకి పోదు. ఎదురు వెలుతురులో బొమ్మ కాస్త పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఎలాగూ ఈ లెన్సు మార్చాల్సే ఉంది, కారణం కింద చెప్తాను.

ఖర్చు ఇప్పటిదాకా: ద్రవాలు, పేపరు, సిలికా జెల్ రూ. 650. బల్బులు రెండు (ఒకటి స్పేరు) రూ. 1,100. మొత్తం రూ. 1,750.

దశ 2: డ్రమ్ము మీది అంకెలు

మాగ్నిఫికేషన్ మార్చే గుండ్రటి మీట (డ్రమ్ము) మీద 6, 10, 16, 25, 40 అని చెక్కి ఉంది. అది చూసి "16లో పెట్టి కుట్టాను" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. 20× ఐపీస్, 200 మిల్లీమీటర్ల ఆబ్జెక్టివ్ ఉంటేనే ఆ అంకెలు నిజం. మా దానికి ఉన్న ఐపీస్ 12.5×. ఆబ్జెక్టివ్ 400. గొంతు లోపల స్వరపేటిక చూడటానికి ఎవరో బిగించి, అలాగే వదిలేశారు.

లెక్క ఇది: ట్యూబు ఫోకల్ దూరాన్ని ఆబ్జెక్టివ్ ఫోకల్ దూరంతో భాగించి, ఐపీస్ అంకెతో, డ్రమ్ము గుణకంతో హెచ్చవేయాలి. డ్రమ్ము గుణకాలు 0.4, 0.6, 1, 1.6, 2.5. మా ట్యూబు 160 మిల్లీమీటర్లు.

400 లెన్సుతో: 2, 3, 5, 8, 12.5.
300తో: 2.7, 4, 6.7, 10.7, 16.7.
250తో: 3.2, 4.8, 8, 12.8, 20.
200తో: 4, 6, 10, 16, 25.

అంటే "16"లో పెట్టినప్పుడు మాకు నిజంగా వచ్చేది 5. ముందు ఈ లెక్క వేయకుండా లూప్స్‌తో పోల్చి ఉంటే మైక్రోస్కోపు ఊరికే ఓడిపోయేది.

ఏ లెన్సు తెప్పించాలన్నది దూరంతో తేలింది. 400 మిల్లీమీటర్ల దూరంలో పనిచేస్తే చేతులు చాచి కుట్టాలి, మోచేతికి ఆనుకునే చోటు ఉండదు, వేలి వణుకు పెరుగుతుంది. 200లో పెడితే పొడుగాటి నీడిల్ హోల్డర్ వెనక కొస లెన్సుకి కొట్టుకుంటుంది. 250 తెప్పించాం. వచ్చిన లెన్సు మర మా గొట్టం మరకి కుదరలేదు. లేత్ షాపులో ఇత్తడి రింగు తీయించాం. మొదటి రింగులో లెన్సు కొద్దిగా ఒరిగింది. బొమ్మలో ఒక వైపు పదునుగా, ఇంకో వైపు మసగ్గా కనిపించడంతో తెలిసింది. రెండో రింగు భుజం చదునుగా తీశాక సరిపోయింది. మీరు తెప్పించుకునేటప్పుడు లెన్సు ఫోకల్ దూరం ఒక్కటే చెప్పకండి. మర వ్యాసం, పంటి వెడల్పు వెర్నియర్‌తో కొలిచి పంపండి.

ఖర్చు: లెన్సు రూ. 7,200, రింగులు రూ. 900. మొత్తం రూ. 9,850.

దశ 3: లూప్స్ అంకెలకీ మైక్రోస్కోపు అంకెలకీ చుట్టరికం లేదు

ఈ ఒక్క దశ చదివి మిగతాది వదిలేసినా ఫరవాలేదు.

మా దగ్గర లూప్స్ మూడు: 2.5×, 3.5×, పట్టకాలున్న 4.5×. మూడూ 42 సెంటీమీటర్ల దూరానికి. 4.5కీ మైక్రోస్కోపు 8కీ తేడా రెండు రెట్లకి తక్కువే కదా అని అందరూ అనుకునేదే. కానీ లూప్స్ మీది అంకె, అదే 42 సెంటీమీటర్ల దూరంలో వట్టి కంటికి కనిపించే సైజుతో పోల్చినది. మైక్రోస్కోపు అంకె 25 సెంటీమీటర్ల దూరంలో వట్టి కంటితో పోల్చినది. వస్తువు దగ్గరైతే వట్టి కంటికే పెద్దగా కనిపిస్తుంది, అంటే మైక్రోస్కోపు పోల్చుకున్న వస్తువే పెద్దది. రెండింటినీ ఒకే కొలబద్దలోకి తేవాలంటే లూప్స్ అంకెని 250తో హెచ్చవేసి 420తో భాగించాలి.

2.5× అంటే మైక్రోస్కోపు లెక్కలో 1.5.
3.5× అంటే 2.1.
4.5× అంటే 2.7.

అంటే 8లో పెట్టిన మైక్రోస్కోపు, 4.5 లూప్స్ కంటే మూడు రెట్లు పెద్దగా చూపిస్తుంది.

పైగా లూప్స్ మీద రాసింది నిజమేనా అన్నది ఇంకో సంగతి. లెక్కగట్టే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. కొలవడం సులువే:

1. గోడకి కాకుండా బల్ల మీద గ్రాఫు కాగితం పరిచి, పని దూరంలో కూర్చోవాలి.
2. ఒక కన్ను లూప్స్ గుండా, ఇంకో కన్ను వట్టిగా చూడాలి. అలవాటు కావడానికి కాసేపు పడుతుంది, తల తిరిగితే ఆపేయాలి.
3. లూప్స్‌లో కనిపించే ఒక సెంటీమీటరు గడి, వట్టి కంటి గడుల్లో ఎన్నింటి మీద పడుతుందో లెక్కపెట్టాలి.

మావి 2.4, 3.1, 4.3 వచ్చాయి. 3.5 అని కొన్నది 3.1 కావడం కొంచెం మండింది.

వివరం ఎంత కనిపిస్తుందో చూడ్డానికి పాథాలజీ ల్యాబు నుంచి రక్తకణాలు లెక్కపెట్టే న్యూబార్ చాంబర్ అరువు తెచ్చాం. ఇంతకంటే చౌకగా దొరికే సన్న కొలబద్ద నాకు తెలియదు. మధ్య గళ్ళు 0.2 మిల్లీమీటర్లు, వాటిలోపలి చిన్న గళ్ళు 0.05. పక్క నుంచి వెలుతురు వేసి చూడాలి.

2.5 లూప్స్: 0.2 గళ్ళు శుభ్రంగా కనిపించాయి. 0.05 ఉన్నట్టూ లేనట్టూ.
3.5: 0.05 కనిపిస్తాయి, వేలు పెట్టి లెక్కపెట్టలేం.
4.5: లెక్కపెట్టొచ్చు.
మైక్రోస్కోపు 8: లెక్కపెట్టడమే కాదు, గీత మందం కూడా తెలుస్తోంది.

దీని పక్కన దారాల మందం పెట్టి చూడండి. 8-0 దారం 0.040 నుంచి 0.049 మిల్లీమీటర్లు, 9-0 దారం 0.030 నుంచి 0.039, 10-0 దారం 0.020 నుంచి 0.029. నల్ల నైలాన్ దారం పసుపు రబ్బరు మీద పడుకుంటే 2.5 లూప్స్‌తోనూ ఉందని తెలుస్తుంది. ఉందని తెలియడం వేరు, ముడిలో ఏ కొస ఏ కొస మీద నుంచి వెళ్ళిందో తెలియడం వేరు. రెండోది 10-0కి 4.5లో కూడా కష్టంగానే ఉంది.

చూపు మేర, గ్రాఫు కాగితం మీద: 2.5 లూప్స్‌కి 92 మిల్లీమీటర్లు, 3.5కి 56, 4.5కి 41. మైక్రోస్కోపుకి 3.2లో 62, 4.8లో 41, 8లో 25, 12.8లో 15, 20లో 10. 4.5 లూప్స్, 4.8లో పెట్టిన మైక్రోస్కోపు ఒకే మేర చూపిస్తున్నాయి. అదే మేరని మైక్రోస్కోపు దాదాపు 1.8 రెట్లు పెద్దగా చూపిస్తోంది.

ఫోకస్ లోతు (పైకీ కిందికీ ఎంత మేర పదునుగా కనిపిస్తుందో) కొలవడానికి స్టీలు స్కేలు 45 డిగ్రీల వాలులో పెట్టి, పదునుగా కనిపించిన పొడవుని 0.7తో హెచ్చవేశాం. మైక్రోస్కోపు 8లో 4 మిల్లీమీటర్లకి కాస్త పైన, 12.8లో సుమారు 2, 20లో 1 కంటే తక్కువ. లూప్స్‌కి సెంటీమీటర్లలో వస్తుంది, తల కాస్త ముందుకీ వెనక్కీ ఆడినా ఇబ్బంది లేదు.

దశ 4: సూది చేసిన గందరగోళం

కుట్టు మెట్లు:

1. గ్లౌజు రబ్బరు ముక్క, సెలైన్ సీసా మూత మీద బిగించి 1 సెంటీమీటరు కోత పెట్టి కుట్టడం.
2. 2 మిల్లీమీటర్ల సిలికాన్ గొట్టం.
3. కోడి తొడ. చికెన్ కొట్టులో "ముక్కలు కొట్టకుండా, తొడ కాలు మొత్తం" అని ముందే చెప్పాలి. లేకపోతే కత్తి పడేది సరిగ్గా మనకి కావలసిన ఆర్టరీ (ధమని) మీదే. తొడ వెనక నరం పక్కన పోయే ఆర్టరీ 2 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంది. రెక్కలోది 1 మిల్లీమీటరు దరిదాపు.
4. కుట్టాక నీడిల్ లేని సన్న కాన్యులా (గొట్టం)తో రంగు కలిపిన సెలైన్ పంపి కారుతోందేమో చూడాలి.
5. ఆ తర్వాత నాళాన్ని నిలువునా చీల్చి, లోపలి వైపు 20×లో చూడాలి. ఇది వదిలేస్తే ప్రాక్టీసు దండగ. బయటికి ముద్దుగా కనిపించిన కుట్టు లోపల ఎదురు గోడని పట్టేసి ఉండొచ్చు.

10-0 దారం కంటి విభాగం వాళ్ళు గడువు దాటిన పాకెట్లు ఇచ్చారు. ఉచితం అనుకున్నాం. కోడి ఆర్టరీ మీద వాడితే ప్రతి కుట్టు దగ్గరా గోడ చిరిగి, రంగు నీళ్ళు కారాయి. 4.5 లూప్స్‌తో కుట్టినా అంతే, మైక్రోస్కోపు కింద కుట్టినా అంతే. మాగ్నిఫికేషన్ పెంచినా తగ్గని తప్పు చూపుది కాదు. చీల్చి 20×లో చూస్తే కంత గుండ్రంగా లేదు, అడ్డంగా చీలింది. కంటి సూది చదునుగా ఉండి పక్క అంచులు కోస్తాయి, కంటి పొరకి అది కావాలి. రక్తనాళానికి కావలసింది గుండ్రటి ఒళ్ళు, మొన సన్నబడే సూది. పాకెట్ మీద దారం నంబరు ఒక్కటే చూడకుండా సూది బొమ్మ కూడా చూడండి. కంటి దారాలు ఇప్పుడు ముడి వేసే సాధనకి మాత్రమే, రబ్బరు ముక్క మీద.

ఇంకో రెండు చిన్న సంగతులు. సీలింగ్ ఫ్యాను కింద 10-0 దారం నిలవదు, నాళం నిమిషాల్లో ఎండిపోతుంది. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోమంటే ఎవరూ రారు కాబట్టి ఏసీ ఉన్న గదికి మారాం. జెనరేటరు నడిచేటప్పుడు 20×లో బొమ్మ సన్నగా వణుకుతుంది. 8లో తెలియదు.

ఖర్చు: గుండ్రటి సూది దారాలు రూ. 4,800. జ్యూయలర్స్ ఫోర్‌సెప్స్ 3, 5 నంబర్లు, నీడిల్ హోల్డర్, నాళాన్ని పట్టి ఉంచే ఆక్లండ్ రకం క్లాంపులు, అన్నీ దేశీ సెట్టు, రూ. 9,000. బెంచి చెక్కపని రూ. 1,400. మొత్తం రూ. 25,050.

దశ 5: చదును బల్ల మీద నెగ్గింది మెడ లోతులో నెగ్గదు

చదునైన బల్ల మీద ఫలితం ఎవరైనా ఊహించేదే. 2 మిల్లీమీటర్ల ఆర్టరీకి 9-0తో, 3.5 లూప్స్ వాడి ఎనిమిది కుట్లు సమంగా పడుతున్నాయి. 2.5తో కుట్టినవి చీల్చి చూస్తే ఒక కుట్టు అంచుకి బాగా దగ్గర, పక్కది దూరం. కుట్టేటప్పుడు అది తెలియడం లేదు, అసలు చిక్కు అదే. వెయిన్ (సిర) గోడ పల్చన, సెలైన్‌లో తేలిస్తేనే నోరు తెరుచుకుంటుంది. దానికి 4.5 కావాలి. రెక్కలోని 1 మిల్లీమీటరు ఆర్టరీకి 10-0తో లూప్స్ చాలవు. కుట్టడం కుదిరింది గానీ చీల్చి చూసినప్పుడు లోపలి పొర మడతలు, ఎదురు గోడ పట్టుకోవడం ఎక్కువ కనిపించాయి. మైక్రోస్కోపు 12.8లో అవి దాదాపు పోయాయి.

మెడ బల్ల కాదు. అందుకని పెట్టె తయారు చేశాం:

1. ప్లాస్టిక్ డబ్బా, లోతు 5 సెంటీమీటర్లు, ఒక పక్క గోడ కోసేసినది.
2. ఆ పైన దవడ ఎముక అంచులా నిలువునా చీల్చిన పీవీసీ పైపు, లోపలికి 2 సెంటీమీటర్లు వంగేలా స్క్రూలతో.
3. అడుగున చంటిపిల్లల బీపీ కఫ్, దాని మీద కోడి తొడ. జూనియర్ కఫ్ బల్బు లయగా నొక్కుతుంటే మాంసం సుమారు 2 మిల్లీమీటర్లు లేచి పడుతుంది. పక్కనే మెడలోని పెద్ద ఆర్టరీ కెరోటిడ్ కొట్టుకుంటున్నట్టు.

ఈ పెట్టెలో లెక్కలు తిరగబడ్డాయి. మైక్రోస్కోపు 12.8లో ఫోకస్ లోతు 2 మిల్లీమీటర్లే కాబట్టి నాళం ప్రతి కొట్టుకి మసగ్గా మారి మళ్ళీ తేలుతోంది. 8కి తగ్గిస్తే ఆ బాధ లేదు. దవడ అంచు వెనక ఉన్న నాళాన్ని చూడాలంటే మైక్రోస్కోపు తలకాయ వంచాలి. వంచితే మా స్టాండు చెయ్యి మెల్లగా కిందికి జారుతోంది. కీలు బోల్టు బిగించి, చెయ్యి వెనక కొసకి బరువు కట్టాక ఆగింది. లూప్స్ పెట్టుకున్నవాడు మాత్రం మెడ కాస్త పక్కకి వంచి చూసేస్తాడు. ఎదురు గోడ కుట్టేటప్పుడు ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి చూడటం మైక్రోస్కోపుతో ప్రతిసారీ ఓ చిన్న తంతు.

దీన్నిబట్టి నా అభిప్రాయం ఒకటి గట్టిపడింది. దవడ కింది ఫేషియల్ ఆర్టరీ, సుపీరియర్ థైరాయిడ్ ఆర్టరీ లాంటివి లోతులో ఉన్నా నాళం పెద్దది. అక్కడ 4.5 లూప్స్, మంచి హెడ్‌లైటు చాలు. అంగిలి, పై దవడ పూడ్చేటప్పుడు ఫ్లాప్ కాడ (దాని రక్తనాళాలు) మెడ దాకా అందక, చెవి ముందున్న సూపర్‌ఫిషియల్ టెంపొరల్ నాళాలకి కలపాల్సి వస్తే కథ వేరు. అవి చర్మం కిందే, అడ్డేమీ లేదు, కానీ సన్నం, వెయిన్ మరీ పల్చన. అక్కడ మైక్రోస్కోపు. రేడియేషన్ పడ్డ మెడలో నాళం పెద్దదైనా లోపలి పొర గోడ నుంచి ఊడి వస్తుంది, దాన్ని కూడా కుట్టులో పట్టామో లేదో తెలియాలి. అక్కడా మైక్రోస్కోపుకే నా ఓటు. ఫ్లాప్ కోసి లేపడానికి, మెడలో నాళాలు వెతకడానికి 2.5 చాలు, 4.5 పెట్టుకుంటే చుట్టుపక్కల ఏముందో తెలియదు.

దశ 6: మెడ నొప్పి కోణం, వెలుతురు

లూప్స్ వాడేవాడి మెడ వంపుని పక్క నుంచి ఫోను ఫొటో తీసి, కోణమానినితో కొలిచాం. మామూలు ఎత్తు బల్ల దగ్గర 36 డిగ్రీలు. 20, 25 దాటితే మెడకి మంచిది కాదు. బల్ల 8 సెంటీమీటర్లు ఎత్తితే 27కి వచ్చింది. మిగతాది లూప్స్ ఫ్రేములో బిగించిన వాలు మీద ఉంది. అద్దంలోనే బిగించిన రకానికి ఆ వాలు కొనేటప్పుడే ఖాయం, తర్వాత మార్చలేం. పైకి మడిచే రకానికి వాలు, కళ్ళ మధ్య దూరం రెండూ మార్చుకోవచ్చు. ఒకే జత నలుగురు పంచుకునే చోట అదే కొనండి. కళ్ళ మధ్య దూరం సరిచేసుకోకుండా పెట్టుకున్న పీజీ కుర్రాడు "సార్, నాకు ఆర్టరీ రెండుగా కనిపిస్తోంది" అన్నాడు, పైగా చాలా ధీమాగా.

పట్టకాల 4.5 బరువు ముక్కు మీద పడుతుంది. తలకి బెల్టు ఉన్న ఫ్రేముకి మార్చాక ఎక్కువసేపు కూర్చోగలుగుతున్నాం.

వెలుతురు విషయంలో అనుకోని ఫలితం ఒకటి. 5 సెంటీమీటర్ల పెట్టె అడుగున, గది పైకప్పు లైటుతో 4.5 లూప్స్ వాడితే న్యూబార్ 0.05 గళ్ళు మాయమయ్యాయి. 3.5కి చూపు గీతతో కలిసి వెళ్ళే హెడ్‌లైటు పెడితే కనిపించాయి. అంటే లోతులో వెలుతురు లేని 4.5 కంటే వెలుతురు ఉన్న 3.5 మెరుగు. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు హెడ్‌లైటు కొనండి. మైక్రోస్కోపుకి లైటు దాని లోపలి నుంచే వస్తుంది కాబట్టి ఈ బాధ లేదు, బదులుగా హాలోజెన్ వేడికి నాళం ఎండుతుంది. వెలుతురు సగానికి తగ్గించి, సెలైన్ చుక్కలు వేస్తూ పోవాలి.

ఖర్చు: ఎల్ఈడీ హెడ్‌లైటు రూ. 5,500, డబ్బా, పైపు, స్క్రూలు రూ. 400. మొత్తం రూ. 30,950. లూప్స్ సర్జన్లవి కాబట్టి కలపలేదు. కోడి తొడలు కూడా కలపలేదు.

ఇప్పుడు గోడ మీద అంటించిన సెట్టింగులు

1. లేపడం, వెతకడం: 2.5 లూప్స్.
2. 2 మిల్లీమీటర్లు, ఆపైన ఆర్టరీ: 3.5 లేదా 4.5 లూప్స్, హెడ్‌లైటు, 8-0 లేదా 9-0.
3. వెయిన్ ఏదైనా: 4.5 లూప్స్, లేదా మైక్రోస్కోపు 8.
4. 1.5 కంటే తక్కువ: మైక్రోస్కోపు. సూది దూర్చడం 12.8లో, ముడి 8లో, ఆఖరి తనిఖీ 20లో.
5. కొట్టుకుంటున్న పెట్టెలో ఏ నాళమైనా: మైక్రోస్కోపు 8 దాటొద్దు.
6. మొదలుపెట్టేవాళ్ళు: ముందు మైక్రోస్కోపు కింద నేర్చుకుని, ఆ తర్వాత లూప్స్‌కి రావాలి. తప్పు ఎలా ఉంటుందో పెద్దగా చూసిన కంటికి, చిన్నగా ఉన్నప్పుడు కూడా అది దొరుకుతుంది.

ఆరోదానికి మా ఈఎన్‌టీ పెద్దాయన ఒప్పుకోలేదు. మెడ ఆపరేషన్లో రోజూ చేతిలో ఉండేది లూప్సే కాబట్టి దానితోనే మొదలుపెట్టాలంటారు. ఇద్దరు జూనియర్లని చెరో దారిలో పెట్టి చూస్తున్నాం. చీల్చిన నాళాల ఫొటోలు, ఎవరిదో పేరు లేకుండా, ఒకే ఫోల్డరులో వేస్తున్నాం.

మిగిలిన పని సహాయకుడి చూపు. చెవి మైక్రోస్కోపుకి ఉన్న పక్క గొట్టం ఒక కంటిదే, అదీ తొంభై డిగ్రీల పక్కన. దాన్లోంచి చూస్తూ దారం కోయమంటే లోతు తెలియక కత్తెర దారం పక్కన గాల్లో మూసుకుంటోంది. నాళం కుట్టేటప్పుడు సహాయకుడు ఎదురుగా కూర్చుని రెండు కళ్ళతో చూడాలి. అందుకు కావలసిన బీమ్ స్ప్లిటరు (బొమ్మని రెండు దారుల్లోకి పంచేది), రెండో బైనాక్యులర్ ట్యూబుకి కొటేషన్ అడిగాం. ఈసారి మర కొలత, పంటి వెడల్పు, ట్యూబు ఫోకల్ దూరం మూడూ రాసి పంపాం. వచ్చేదాకా సహాయకుడు 3.5 లూప్స్ పెట్టుకుని మైక్రోస్కోపు తలకాయ పక్క నుంచి వంగి చూస్తున్నాడు. అతని మెడ కోణం ఇంకా కొలవలేదు.